గాటు పెట్టని టైరు

పిడుగురాళ్ల రోడ్డు మీది ఆ రీట్రెడింగ్ షెడ్డుకు ఏ పాత టైరు వచ్చినా ముందు ఫిలోమినాయే లోపలికి మోచేతి దాకా చెయ్యి పెట్టి తడమాలి. మేకులు, గాజుపెంకులు, కుళ్లిన నీళ్లు, ఒకసారి చచ్చిన ఎలక. ఛీ, ఏం పనమ్మా అది! పదకొండేళ్లుగా ఎన్ని సబ్బులు మార్చినా చేతికి ఆ కంపు వదల్లేదు. అన్నం స్పూనుతో తింటుంది.

లోపలి దారాలు గట్టిగా ఉంటే సరే. అరిగిన పైభాగం గీకి, జిగురు పూసి, కొత్త రబ్బరు పట్టీ చుట్టి, పెద్ద కుక్కరులాంటి ఛాంబరులో ఉడికిస్తారు. దారాలు తెగితే అది చచ్చిన టైరే. ఇంకెవడూ వాడకుండా దాని పక్కన కత్తితో గాటు పెట్టడం ఆ షెడ్డులో మొదట్నుంచీ ఉన్న కట్టుబాటు. మూడు నెలల కిందట యజమాని గోపాలకృష్ణయ్య ఆ కత్తి మాన్పించాడు. గాట్లుంటే పాతసామాన్లవాళ్లు తీసుకోవట్లేదనీ, సుద్దముక్కతో ఇంటూ గుర్తు పెడితే చాలనీ అన్నాడు. ఫిలోమినా నమ్మింది, పిచ్చి మొహంది.

ఆ ఉదయం ఉడికి వచ్చిన టైరును తుడుస్తుంటే ఆమె చెయ్యి ఒకచోట ఆగిపోయింది. లోపల కొత్త ప్యాచి, దాని కింద మెత్తగా దిగబడుతోంది. నాలుగు రోజుల కిందట తాను ఇంటూ పెట్టిన టైరే! పైకి మాత్రం పెళ్లికొడుకులా నిగనిగలాడుతోంది. ఎలకను పట్టుకున్ననాడు కూడా ఆమెకింత అసహ్యం వెయ్యలేదు.

"అయ్యగారూ, ఇది చచ్చిన టైరండీ."

"నోరు మూసుకుని తుడువే. స్కూలు బస్సు ముందు చక్రానికి పోవాల."

ముందు చక్రానికా! రబ్బరు ఎక్కించిన టైరు మంచిదైనా సరే ముందు వెయ్యకూడదని క్లీనర్లకు కూడా తెలుసు. అది పగిలితే స్టీరింగు మాట వినదు. బస్సులో నలభైమంది పిల్లలు.

అప్పుడే బస్సు డ్రైవరు పున్నారావు లోపలికొచ్చాడు. ఫిలోమినా ఇక ఆగలేదు. మూలనున్న కత్తి తీసి, రబ్బరు పట్టెయ్యకుండా నీళ్లలో ముంచి, టైరు పక్కన కసుక్కున దింపి, జానెడు కోసింది. గోపాలకృష్ణయ్య లబోదిబోమన్నాడు. ఆమె వేళ్లు పెట్టి, తెగిన దారాలు పీకి చూపించింది.

"చూడబ్బాయ్, నీ బస్సుకేసే టైరు!"

పున్నారావు మెడ గోక్కున్నాడు.

"తెలుసులే అక్కా. మా స్కూలు సారు అడిగిందే ఇట్టాంటిది. బిల్లు కాగితంలో కొత్తదని రాస్తే చాలంట. అయ్యగారూ, ఇంకోటి చూడండి, సాయంత్రం ట్రిప్పు ఉంది."

యజమాని కళ్లు మూలనున్న కుప్ప మీదికి పోయాయి. అన్నీ ఇంటూ పెట్టినవే. ఫిలోమినా ఆ చూపు చూసింది. మనుషులా వీళ్లు? థూ అని నేల మీద ఉమ్మేసింది. కత్తిని మళ్లీ నీళ్లలో ముంచి, కుప్పలోంచి పై టైరు కిందికి లాగింది.

"ఏమే, రేపట్నుంచి పనికి రామాకే!"

"ఇయ్యాళ ఉందిగా అయ్యగారూ," అంటూ దానికి గాటు పెట్టి, రెండోదాన్ని లాగింది.