వంగేది విరగదు

ముప్పై టన్నుల ఉక్కు దిమ్మ నేల విడిచింది. ఆ బరువుకి పైనున్న క్రేను గర్డరు, అంత పొడుగు ఇనప దూలమూ, నడుమ దగ్గర బొటనవేలంత కుంగింది. దాని కింద వేలాడే గాజుగదిలో కూర్చున్న సూరన్న కూడా అంత మేరా కుంగాడు. అతను చూపు కిందినుంచి తిప్పలేదు. నలభై అడుగుల లోతున నిలబడి సైగలిచ్చే గోపి చెయ్యెత్తి పక్కకి ఊపాడు. సూరన్న హ్యాండిలు తిప్పాడు.

ఇరవయ్యారేళ్ళుగా ఇదే పని. ఎప్పుడూ కిందికే చూసి చూసి మెడ ముందుకు వంగిపోయింది. బజార్లో నడుస్తున్నా ఏదో పారేసుకుని వెతుక్కుంటున్నట్టే ఉంటాడు. హ్యాండిలు రాపిడికి కుడి అరచెయ్యి చెప్పు అడుగులా గట్టిపడింది. నోట్లో నాలుక లేని మనిషని ప్లాంటులో పేరు. అంత ఎత్తున ఒక్కడూ కూర్చుని ఎవరితో మాట్లాడతాడు పాపం!

ఒక్క గర్డరు సంగతి ఎత్తితే మాత్రం ఆపడం కష్టం. తొలిసారి బరువెత్తిన రోజున అది కళ్ళముందే కుంగుతుంటే సూరన్న కెవ్వుమన్నాడు. పని నేర్పిస్తున్న గురునాథరావు పకపకా నవ్వి, వంగేది విరగదురా, బిగుసుకున్నదే విరుగుతుంది అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని సూరన్న బతుకంతా నెట్టుకొచ్చాడు. ఊళ్ళో పొలం పోయినప్పుడూ, పిల్లలు కలగరని తేలినప్పుడూ భార్య ఆదిలక్ష్మికి అదే చెప్పాడు. ఆమె విని తన పనిలో పడేది.

రెండింటికి షిఫ్టు దిగి మెట్ల దగ్గరకి వస్తే గోపి ఎదురొచ్చాడు.

“ఇయ్యాల కూడా డూటీకి వచ్చేసినావేటి బావా? అక్కకి ఆపరేసన్ గదా?”

“ఆపరేసన్ రేపు గదరా. సింహాద్రి రానేదట. నాను గాకపోతే ఎవులు ఎక్కుతారు?”

ఇప్పటికి రెండుసార్లు ఇలాగే వాయిదా పడింది. సెలవు అడగడానికి మొహమాటం. ఆదిలక్ష్మి గుండెలో రక్తనాళాలు మూడు పూడుకుపోయాయనీ, ఇక ఆలస్యం చేస్తే తన పూచీ లేదనీ డాక్టరు చెప్పాక, రేపు ఉదయం ఎనిమిదింటికి హైదరాబాదులో ఆపరేషను ఖాయమైంది. ఈసారి తప్పితే ఇంక లేదని సూరన్నకి తెలుసు.

గోపాలపట్నంలో వాళ్ళ డాబా మీదుగా పాతికేళ్ళుగా విమానాలు దిగుతూనే ఉన్నాయి. ఆదిలక్ష్మి ఏనాడూ తలెత్తి చూసిన పాపాన పోలేదు. అతను వెళ్ళేసరికి సంచీ ఒళ్ళో పెట్టుకుని గడపలో కూర్చుని ఉంది. ముఖం పాలిపోయింది.

“రైల్లో ఎల్దుం మావా. అదంటే నాకు బయ్యం.”

“రైల్లో రాత్రంతా కూకోవాల. ఇమానంలో గంటంపావు. బేగి లెగు.”

ఎలా వెళ్ళినా ఫరవాలేదనే డాక్టరు అన్నాడు. విమానం సూరన్న ఎంచుకున్నదే.

సముద్రంలో వాయుగుండం పట్టి ఉంది. వాళ్ళకి చివరి వరసలో సీట్లు దొరికాయి. పైకి లేచిన అరగంటకి బెల్టులు పెట్టుకోమన్నారు. మరుక్షణం విమానం దబ్బున కిందికి జారింది, మళ్ళీ ఎగిరింది. చివర కూర్చున్న సూరన్నకి ఆ పొడుగంతా కళ్ళకి కట్టింది. ముందు వరసల మీది సామాన్ల అరలు ఎడమకి ఒరిగితే, వెనకవి కుడికి ఒరిగాయి. అంత పెద్ద గొట్టమూ తడిగుడ్డ పిండినట్టు మెలితిరిగి, మళ్ళీ సర్దుకుంది. పలకలు కిర్రుమన్నాయి. కిటికీలోంచి చూస్తే రెక్క కొస పైకీ కిందికీ ఊగుతోంది. ఎవరో అప్పన్న స్వామికి మొక్కుకున్నారు. ఒకావిడ బిగ్గరగా ఏడ్చింది.

సూరన్న మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు. పైగా అతనికి సంతోషం వేసింది. ఇరవయ్యారేళ్ళుగా తాను చెబుతున్నది ఇన్నాళ్ళకి ఆమె కళ్ళారా చూస్తోంది!

“సూసినావేటే? ముందరిది అటు, మనది ఇటు. అలగే వంగాల. మా గర్డరూ అంతే.”

ఆమె నుదుట చెమట పట్టింది. ఎడమచేత్తో ఒళ్ళో సంచీలో ఏదో తడుముకుంటోంది.

“మావా... సెయ్యి...”

“పట్టుకున్నాను గదే. బయపడకు.”

ఆమె కుడిచెయ్యి లాక్కోబోయింది. భయంతో కొట్టుకుంటోందనుకుని అతను మరింత బిగించాడు. “సెయ్యి...” అంది మళ్ళీ, గొంతు పైకి రాక. అతను గురునాథరావు నవ్విన సంగతి మొదలుపెట్టాడు. తన జన్మలో అంతసేపు ఎప్పుడూ మాట్లాడలేదు. కాసేపటికి ఆమె చెయ్యి గింజుకోవడం మానింది. తల మెల్లగా వచ్చి అతని భుజం మీద వాలింది.

నమ్మింది, అనుకున్నాడు. ఆమె నిద్ర చెడకుండా, భుజం తిమ్మిరెక్కినా కదపకుండా, విమానం దిగేదాకా అలాగే కూర్చున్నాడు.

అందరూ లేచి వెళ్ళిపోయారు. ఎయిర్ హోస్టెస్ వచ్చి, “మేడమ్, దిగాలండి,” అంది. వంగి ముఖంలోకి చూసింది, మెడ దగ్గర వేళ్ళు పెట్టింది, గబగబా ముందుకి పరిగెత్తింది. వచ్చిన డాక్టరు పరీక్ష చేసి, చాలాసేపైంది అన్నాడు. ఎవరికి చెబుతున్నాడో సూరన్నకి అర్థం కాలేదు.

ఇద్దరు మనుషులు ఆమెను లేవదీయబోతే ఇంకా అతని చేతిలోనే ఉంది ఆమె చెయ్యి. అతని వేళ్ళు ఒక్కొక్కటే వాళ్ళే విప్పారు. ఆమె మణికట్టు మీద అతని నాలుగు వేళ్ళూ ఎర్రగా అచ్చుపడి ఉన్నాయి. లేవదీస్తుంటే ఆమె ఎడమ గుప్పిట్లోంచి ఏదో జారి సీటు మీద పడింది. అప్పుడు తెలిసింది సూరన్నకి, ఆమె “సెయ్యి” అన్నది పట్టుకోమని కాదనీ, వదలమనీ.

నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకోమని డాక్టరిచ్చిన మాత్రల అట్ట అది. ఒంటిచేత్తో నొక్కీ నొక్కీ వెండిరేకు మీద గోటి గాట్లు పడ్డాయి, మాత్ర మాత్రం లోపలే ఉంది.