నూట నలభై మంది ఒప్పుకున్న జిల్లేడు పాలు

జమ్మలమడుగులో రైతుల మీటింగుకు పోయే కారులో చంద్రమోహన్ సార్ నా చేతిలో ఒక చిన్న పుస్తకం పెట్టినాడు. ఆయన ప్రొద్దుటూరులో కాలేజీ లెక్చరరు. ఐదేండ్ల కిందట లింగాలలో మా గొర్రెల దొడ్డికి వచ్చి, గిట్టల పుండుకు ఏం వాడతారని అడిగి, నేను చెప్పింది ఇంగ్లీషులో వ్యాసంగా అచ్చేయించుకున్నాడు. ఇది దానికి తెలుగు. ఈరోజు రైతులకు పంచి, నాకు శాలువా కప్పుతారంట.

మా ఆయన పోయినాక, యాభై దాటి నేర్చుకున్న చదువు నాది. వేలు పెట్టి కూడబలుక్కున్నాను. 'జిల్లేడు పాలు పూటకు ఒక గరిటె తాగించవలెను. చెప్పినవారు: లింగాల గంగులమ్మ.'

మళ్లీ ఒకసారి చదివినాను. నేను చెప్పింది పుండుకు పూసి, గొర్రె నాకకుండా గుడ్డ కట్టమని.

"సార్, ఇది తాపితే గొర్రె చస్తాది."

"తెలుసమ్మా. పూసే మందు, తాపే మందు ఒకే కాగితంలో రాసుకున్నా, కలిసిపోయినాయి. రెండేండ్ల కిందటే చూసుకున్నా."

"మరి దిద్దలేదే?"

"యాడ దిద్దేది? ఆ వ్యాసాన్ని నూట నలభై మంది తమ వ్యాసాల్లో ఆధారంగా చూపించినారు. అన్ని సైటేషన్లు మా కాలేజీలో ఎవరికీ లేవు. నాకు ప్రొఫెసరు పోస్టు వచ్చేది ఆ లెక్క మీదే. తెలుగులో దిద్దినా తప్పు ఒప్పుకున్నట్టే, ఒప్పుకుంటే వ్యాసమే తీసేస్తారు."

"ఆ నూట నలభై మందిలో ఒకరన్నా గొర్రెను ముట్టుకున్నారా?"

"ముట్టుకునే పన్లేదమ్మా. నాది వాళ్లు చూపిస్తారు, వాళ్లది నేను చూపిస్తా." నవ్వినాడు. "రైతులు ఎట్లాగూ తాపరులే. జిల్లేడు సంగతి వాళ్లకు తెలీదా?"

"తెలుసు. గంగులమ్మకే తెలీదనుకుంటారు."

ఆయన ఫోను చూసుకున్నాడు.

హాలు నిండా పులివెందుల పక్క గొర్రెల కాపర్లే. సగం మంది నన్నెరిగినవాళ్లు. పుస్తకాల కట్టలు వెనక బల్ల మీద ఉన్నాయి. అక్కడే కూర్చుని పెన్ను తీసుకున్నాను. 'తాగించవలెను' కొట్టేసి, పక్కన 'పూయాలి. తాపితే చస్తాది' అని రాసినాను. నా చేయి నిదానం. పదకొండో పుస్తకం దగ్గర ఉండగా మైకులో నా పేరు పిలిచినారు. లేవలేదు.

సార్ శాలువా పట్టుకుని తానే వచ్చినాడు. "ఏం చేస్తాండావమ్మా? అందరూ చూస్తాండారు."

"చూడనీ సార్. నూట నలభై మంది రాసినారు కదా, నేనూ రాస్తాండా."

ఫోటో కోసం శాలువా నా భుజాన వేసినాడు. దాన్ని తీసి బల్ల అంచున పెట్టి, పన్నెండో పుస్తకం తెరిచినాను.