రెండు చింతపిక్కలు

పులిమేక ఆటలో నాగులంత మొండిమనిషి ఇంకొకడు ఉండడు. ఎప్పుడూ చింతపిక్కల మేకలే తీసుకుంటాడు, ఎప్పుడూ ఓడిపోతాడు, అయినా బుద్ధి రాదు. ఎదురుగా పులులతో కూర్చున్నది కోడలు మాణిక్యమ్మ. కోడలంటే పరాయిదా, సొంత అక్క కూతురే. చిన్నప్పుడు ఆయన ఒళ్లో కూర్చునే ఈ ఆట నేర్చుకుంది.

మొన్నటి ఉప్పెన పల్లెను ఊడ్చేశాక ఆ ఇంట్లో మిగిలింది వీళ్లిద్దరే. పామర్రులో ఎండుచేపలు అమ్ముకుంటూ బతుకుతున్నారు. అప్పుడు కడుపులో ఉన్నవాడు ఇప్పుడు ఉయ్యాలలో ఉన్నాడు. రేపే బారసాల. పోయిన కొడుకు కాశీరావు పేరే మనవడికి పెట్టాలని ముసలాయన ప్రాణం కొట్టుకుంటోంది. కానీ ఆయనకు అక్షరాలు రావు. పళ్లెంలో బియ్యం మీద పేరు రాయాల్సింది మాణిక్యమ్మే, ఆమేమో ససేమిరా అంది. నిండుచూలాలైన తనను బడి డాబా ఎక్కించి, పక్కింటి ముసలి అంకాలమ్మ కోసం మళ్లీ నీళ్లలో దిగిన మొగుడి మీద ఆమెకింకా కోపం చల్లారలేదు. పోనీ ముసలమ్మనైనా దక్కించాడా అంటే అదీ లేదు.

ఆటలో ఒక మేక పులికి చిక్కింది. దాని వెనక చోటు ఖాళీ, పులి దూకితే అయిపోయినట్టే. నాగులు క్షేమంగా ఉన్న ఇంకో మేకను జరిపి ఆ ఖాళీలో అడ్డం పెట్టాడు. మాణిక్యమ్మ రెండో పులితో ముందు ఆ వచ్చినదాన్నే తినేసింది. తర్వాత మొదటిదీ పోయింది.

“తెలివితక్కువ మేక. తనూ పోయింది, దాన్నీ కాపాడలేదు. దీన్ని కూడా గొప్పంటావా మావా?”

నాగులు నేలమీది సుద్దగీతల్లో ఖాళీ అయిన ఆ రెండు చోట్లనీ వేలితో తడిమాడు.

“గొప్పో కాదో నాకు తెలవదమ్మా. పక్కది ఒంటరిగా ఉంటే చూస్తా ఊరుకోలేకపోయింది.”

నీళ్లు తీశాక ఆ రెండు శవాలూ ఎలా దొరికాయో మాణిక్యమ్మ కళ్లారా చూసింది. కాశీరావు అంకాలమ్మను పంచెతో తన నడుముకు కట్టుకున్నాడు. బిగుసుకుపోయిన ఆ ముడి విప్పింది తనే. అంత ఈతగాడు, ముడి విప్పుకుంటే బతికేవాడు కదా అని ఇన్నాళ్లూ తిట్టుకుంది. ఆ ముసలిప్రాణం ఒంటరిగా పోలేదన్న సంగతి ఇవాళే తట్టింది. మొగుడి కోసం ఏడవడం ఆమెకు అదే మొదలు.

తిన్న మేకలు పులులవాళ్ల ఒళ్లో ఉండాలి. మాణిక్యమ్మ తన ఒళ్లోంచి ఆ రెండు చింతపిక్కలూ తీసి మావ అరచేతిలో పెట్టింది.

“బావ ఆ ముడి విప్పుకోలేదు మావా. రేపు బియ్యంలో ఆ పేరే రాస్తాను.”