పట్నంలో వాన

రాజం రాసిన మూడు నవలల్లోనూ వాన పడుతూనే ఉంటుంది. మామూలు వాన కాదు, కంప్యూటర్ లోపలి వాన. అక్కడ రాత్రి తప్ప పగలుండదు. నీలం, ఊదారంగు లైట్లు, ఎవరికీ చదవరాని భాషలో బోర్డులు, ఆకాశం నుంచి జారే పచ్చటి అంకెలు. నల్లటి పొడవు కోటు తొడుక్కున్న కథానాయకుడు మెడ వెనక తీగ గుచ్చుకుని ఆ సైబర్ లోకంలోకి దూకుతాడు. లోపల ఒక అమ్మాయి అతని కోసం ఎదురుచూస్తుంటుంది. ఆమెకు మాటలు తక్కువ, తన్నులు ఎక్కువ. ఆ లోకంలో ఎవరూ అన్నం తినరు, ఎవరూ ఒంటికి పోరు, ఎవరికీ తల్లి ఉండదు.

ఇదంతా రాసింది సిద్దిపేటలో, రెండు గదుల ఇంట్లో, ఫ్యాను కింద, బనియన్‌తో కూర్చుని. రాజం ఒక సర్కారు ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. పగలంతా ఫైళ్ల మీద "తగు చర్య నిమిత్తం" అని రాసి, సాయంత్రం ఇంటికొచ్చి విశ్వాన్ని కాపాడేవాడు. ఆయన నవలలకు మొదటి పాఠకురాలు భార్య స్వర్ణ. రెండో పాఠకుడు ఎవరో ఇంకా తేలలేదు.

స్వర్ణ జాకెట్లు కుడుతుంది. మొదటి నవల చదివినప్పుడు మిషన్ ఆపి ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"కంప్యూటర్ల వానెందుకు పడ్తది?"

"సైబర్ లోకంల వానే పడ్తది. అందరు గట్లనే రాస్తరు."

"అందరంటే ఎవరు?"

రాజానికి ఒళ్లు మండింది. సైన్స్ ఫిక్షన్ గురించి జాకెట్లు కుట్టే మనిషికి ఏం తెలుస్తుందని విసురుగా లేచి మిద్దె మీదికి పోయాడు. ఆ తర్వాత పదిహేనేళ్లలో ఆమె మళ్లీ అడగలేదు, ఆయన మళ్లీ ఆలోచించలేదు.

అలాంటి రాజానికి హైదరాబాద్ నుంచి ఒక మెయిల్ వచ్చింది. వర్చువల్ లోకాలు తయారుచేసే కంపెనీ అట. మీ 'తీగల నగరం' చదివాం, దాన్ని కళ్లకు కట్టుకునే వీఆర్ పెట్టెలోకి తీసుకురావడానికి వీలవుతుందేమో ఆలోచిస్తున్నాం, ఆదివారం మీ ఇంటికొచ్చి మాట్లాడతాం అని రాశారు. మెయిల్లో ఉన్నది "ఆలోచిస్తున్నాం" అనే. అది ఆఫీసు చేరేసరికి "తీస్తున్నారు" అయింది, చాయ్ హోటల్ చేరేసరికి "తీసేశారు" అయింది. వెనక నుంచి "సైబర్ సారు" అని నవ్వుకునే ఆఫీసు వాళ్ల నోళ్లు మూయించడానికి రాజానికి దొరికిన ఒకే ఒక్క అవకాశం అది. ఇది గనక తప్పిపోతే ఆ ఆఫీసులో ఇంకా ఎనిమిదేళ్లు కూర్చోవాలి. మెయిల్ వచ్చిన ధైర్యంతోనే విజిటింగ్ కార్డులు కూడా కొట్టించాడు. పేరు కింద "వర్చువల్ ప్రపంచ శిల్పి" అని బంగారు అక్షరాలు.

చిక్కు తల్లి దగ్గర వచ్చింది. ఐలవ్వ ఎప్పుడో కొమురెల్లి మల్లన్నకు మొక్కింది, కొడుకు పుస్తకాన్ని ఎవరైనా ఒక్కరు అడిగితే ఇంట్లో పట్నం వేయిస్తానని. పట్నమంటే ఐదు రంగుల పిండితో నేల మీద వేసే మల్లన్న ఊరు. ఒగ్గు పూజారి వచ్చి వేస్తాడు, డోలు కొట్టి కథ చెబుతాడు. మెయిల్ సంగతి వినగానే ముసలమ్మ మొక్కు తీరిందనుకుంది, చంద్లాపూర్ నుంచి పూజారి దుబ్బయ్యను మాట్లాడింది. అదీ ఆదివారమే.

"అవ్వా, ఇంకో వారం పెట్టుకుందం," అని బతిమాలాడు రాజం.

"మల్లన్న దినం అయితారం. నీ కంపెనోళ్లనే సోమారం రమ్మను."

"నేను చెప్తె వాళ్లు వస్తరానే?"

"నువ్వు చెప్తె మల్లన్న వస్తడా మరి?"

ఆ ఇంటికి ఉన్నది ఒక్కటే హాలు. చివరికి స్వర్ణ హాలు మధ్యలో తాడు కట్టి దుప్పటి వేలాడదీసింది. దుప్పటికి అటు మల్లన్న, ఇటు సైబర్ లోకం. కంపెనీ వాళ్ల కంట పిండీ డోలూ పడితే తన పరువేం కావాలని రాజం ఆ దుప్పటి అంచుల్ని నాలుగుసార్లు సర్దాడు.

శివరాత్రి దాటింది, ఎండలు ముదిరాయి. దుబ్బయ్య పొద్దున ఆరింటికే వచ్చి పని మొదలుపెట్టాడు. రాజం అటు తొంగిచూడలేదు. తన పెళ్లినాటి నల్లకోటును ఇస్త్రీ చేసుకుంటున్నాడు. పదకొండింటికి కారు దిగిన కంపెనీ పిల్లలు పూజకూ చరణ్‌కూ చెమటలు కక్కుతూ, కోటు గుండీలన్నీ పెట్టుకున్న శిల్పి ఎదురొచ్చాడు. వాళ్లిద్దరి వయసూ కలిపినా ఆయన వయసంత లేదు. పూజకు కార్డు ఇచ్చాడు, ఆమె చూసి జాగ్రత్తగా పట్టుకుంది. స్వర్ణ సర్వపిండి పెట్టింది. దుప్పటి అవతల నుంచి పసుపు వాసన వస్తోంది.

"సార్, మాట్లాడే ముందు ఒక్కసారి పెట్టుకొని చూడుండ్రి," అని చరణ్ పెట్టె తెరిచాడు.

రాజం కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. పదిహేనేళ్లుగా మనుషుల్ని ఆ లోకంలోకి తోలుతున్నవాడు ఒక్కసారన్నా తానెప్పుడూ పోలేదు. ఆ సంగతి బయటికి చెప్పలేదు. ఇలాంటివి రోజూ పెట్టుకుంటానన్నట్టు తల వంచాడు. చరణ్ పట్టీ బిగించాడు.

వాన పడుతోంది.

నీలం, ఊదారంగు లైట్లు. చదవరాని బోర్డులు. పచ్చటి అంకెలు జారుతున్నాయి. వీధి చివర నల్లకోటు మనిషి ఒకడు మెల్లగా వెనక్కి తిరిగాడు. రాజం కళ్లలో నీళ్లు తిరిగాయి. తన అక్షరం అక్షరం అక్కడ నిలబడి ఉంది. నవ్విన ఆఫీసంతా గుర్తొచ్చింది, వాళ్లందరినీ క్షమించేశాడు.

"నా నగరమే! నా తీగల నగరమే ఇది! ఎప్పుడు చేసిన్రు?" అని అరుస్తూ లేచి నడక మొదలుపెట్టాడు.

"సార్, కూసోండ్రి, నడవద్దు," అంటోంది పూజ. ఆయన వినే స్థితిలో లేడు. ముఖానికి ఏదో మెత్తగా తగిలింది. నాలుగో అధ్యాయంలో తాను రాసిన పొగమంచు అనుకుని రెండు చేతులా తోసేశాడు. తాడు తెగింది. "ఆగు కొడుకా!" అని ఎక్కడి నుంచో ముసలి గొంతు కేక వేసింది. శబ్దం ఎంత బాగా పెట్టారో అనుకున్నాడు. ఇంకా ఏడడుగులు వేశాక చరణ్ పరుగున వచ్చి పెట్టె ఊడబీకాడు.

రాజం పట్నం నడిమధ్యలో నిలబడి ఉన్నాడు. పిండితో వేసిన ఒక దర్వాజ మొత్తం చెరిగిపోయింది. ఐలవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. దుబ్బయ్య చేతిలో పచ్చపిండి అలాగే ఉంది.

"పట్నం తయారుగాకముందే తొక్కినోన్ని నిన్నే చూసిన సారూ," అన్నాడు దుబ్బయ్య. "ఇగ జరుగు, మళ్లెయ్యాలె."

రాజానికి ఇంకా వాన దిగలేదు. కాళ్లు కడుక్కోవాలన్న ధ్యాస కూడా లేకుండా పూజ వైపు తిరిగాడు.

"ఎన్ని దినాలు పట్టింది అమ్మా, నా నగరం కట్టనీకి?"

పూజ చరణ్ ముఖం చూసింది. చరణ్ గోడకున్న క్యాలెండర్ చూశాడు.

"గది మేం చేసింది కాదు సార్," అంది పూజ నెమ్మదిగా. "పెట్టెతోటే వస్తది. సరిగ్గ కనవడ్తుందో లేదో చూసుకోనీకి ఫ్రీగా ఇస్తరు. ఎవరు కొన్నా ముందుగాల గదే వస్తది."

"మరి నా నవల చదివినమన్నరు?"

"చదివినం సార్. చదివినంకనే మీ దగ్గరికి వచ్చినం. గీ పెట్టెల లేనిది మీ దాంట్ల ఏమన్న ఉన్నదా అని అడుగుదమని. ఒక్కటున్నా చాలు."

రాజం నిలబడ్డచోటే మూడు నవలలూ తిరగేశాడు. తీగ ఉంది. కోటు ఉంది. వాన ఉంది. ఉన్నట్టుండి ముఖం వెలిగింది.

"నా నవలల ఉన్న అమ్మాయి జడల నీలిరంగు కరెంటు పువ్వు పెట్టుకుంటది!"

"అది గూడ ఉన్నది సార్," అన్నాడు చరణ్, పాపం చాలా మర్యాదగా. "మీరు ఎడమ దిక్కు చూడలేదు."

నిజానికి ఆ పిల్లవాళ్లు ఒక్క ముక్క వెటకారంగా అనలేదు. అని ఉంటే రాజం తిట్టి పంపించేవాడు, ఆఫీసులో చెప్పుకోవడానికి ఒక గొడవైనా మిగిలేది. పదిహేనేళ్ల ఊహ అంతా బ్యాటరీ, చార్జర్‌తో పాటు ఊరికే ఇచ్చే సరుకని తేలిపోయింది. ఆయన కోటు విప్పి కుర్చీ మీద పడేశాడు. ఎంత సిగ్గుపడ్డాడో చూడటానికి అక్కడ ఎవరికీ తీరిక లేదు, ఎందుకంటే పూజ అప్పటికే పట్నం అంచున గొంతుకూర్చుంది.

"ఇందుల ఎట్ల పోవాలె తాతా?"

"దర్వాజకెల్లి," అన్నాడు దుబ్బయ్య, పిడికిట్లోంచి పిండి సన్నగా వదులుతూ. "నాలుగున్నయ్. దర్వాజ తెరవకముందు ఎవ్వరు కాలు పెట్టద్దు. గీ సారు పెట్టిండనుకో. నడుమ మల్లన్న కూసుంటడు, ఇటు మేడలమ్మ, అటు కేతమ్మ, ఆయన పెండ్లాలు. నేను కథ ఎత్తుకుంటే మీరు నా ఎంబడి వీధి వీధి తిరుగుతరు. ఆఖరికి అందరం తొక్కి చెరిపేస్తం."

"చెరిపేస్తరా? గింత కష్టపడి?" చరణ్ నోరు తెరిచాడు. "మళ్ల గిదే కావాలంటే?"

"మళ్ల గిదే ఎట్లొస్తది బిడ్డా? మళ్లేస్తే మళ్లొకటి అయితది. ఇంటికొక తీరు, మొక్కుకొక తీరు."

పూజ, చరణ్ ఒకరినొకరు చూసుకున్నారు. అలాంటి చూపు కోసమే రాజం కోటు ఇస్త్రీ చేసుకున్నాడు.

కథ రెండు గంటలు సాగింది. రాజాన్ని దర్వాజ దగ్గర బాసింపట్లు వేసి కూర్చోమన్నాడు దుబ్బయ్య, తొక్కినందుకు అదే శిక్ష. డోలు అందుకుంది. ఐలవ్వ కళ్లు మూసుకుంది, కాసేపటికి ఏడ్చింది, ఆ తర్వాత దేనికో నవ్వింది. ఆమె మెడ వెనక ఏ తీగా లేదు. తన మూడు నవలలు చదివి ఇంతవరకు ఎవరూ ఏడవలేదని రాజానికి తట్టింది. దుబ్బయ్య వైపు రెప్ప వేయకుండా చూశాడు. భక్తి కాదు, పచ్చి అసూయ.

చివర్లో అందరూ పట్నం తొక్కారు, కంపెనీ పిల్లలు కూడా చెప్పులు విడిచి తొక్కారు. బొట్టు పెట్టించుకున్నాక పూజ హైదరాబాద్ రమ్మని దుబ్బయ్యను అడిగింది.

"ఉగాది దాక ఒక్క అయితారం గూడ ఖాళీ లేదు బిడ్డా. అటెన్క ఫోన్ చెయ్యి," అని నంబరు చెప్పాడు దుబ్బయ్య. రాసుకోవడానికి పూజకు కాగితం దొరకలేదు. చేతిలో ఉన్న విజిటింగ్ కార్డు తిప్పి, ప్రపంచ శిల్పి వీపు మీద రాసుకుంది.

వాళ్లు వెళ్లాక, ఇంకా వెలుతురు ఉండగానే, రాజం కొత్త నోటుబుక్కు తీశాడు. పట్నం వేసింది ఎవరింట్లో? మొక్కింది ఎవరి తల్లి? దుబ్బయ్య ఉగాది దాకా ఊళ్లు తిరుగుతుండగా తాను నవల పూర్తిచేసి వాళ్ల మొహాన కొట్టాలి. ఈసారి సొంత సరుకు, ఏ పెట్టెలోనూ లేనిది. పైన "పట్నం" అని రాసి కింద రెండు గీతలు కొట్టాడు. మొదటి వాక్యం దానంతటదే వచ్చేసింది.

నేల ఊడ్వడానికి చీపురు పట్టుకొచ్చిన స్వర్ణ భుజం మీదుగా వంగి చదివింది. "పట్నంలో వాన పడుతోంది."

"పిండితోటి ఏసిన పట్నమాయె," అంది. "వాన పడ్తె ఏం మిగుల్తది?"

రాజం కొట్టేశాడు. కొంచెంసేపు ఆలోచించి "పట్నమంతా చీకటి" అని రాశాడు. ఆమె కిటికీ వైపు చూసింది. దాన్నీ కొట్టేశాడు.

"మరేం రాయాలె?" అన్నాడు. పదిహేనేళ్లలో ఆమెను ఆ మాట అడగడం అదే మొదటిసారి.

"నీ కండ్ల ముంగట్నే ఏసిండు గద. ముందుగాల ఏ రంగు పోసిండో గది రాయి."

రాజం పెన్ను పట్టుకుని ఆగిపోయాడు. పొద్దున ఆరింటి నుంచీ ఆ ఇంట్లోనే ఉన్నాడు. ఆ పట్నంలో అందరికంటే ముందు అడుగుపెట్టింది తనే, ఏడడుగులు నడిచిందీ తనే. ఏ రంగు ఎక్కడుందో ఒక్కటీ గుర్తులేదు. కథ జరిగినంతసేపూ తన నవలల గురించే ఆలోచించాడు.

స్వర్ణ ఊడ్వడం మొదలుపెట్టింది. రంగులన్నీ కలిసి చీపురు ముందు ఒకే బూడిద కుప్పగా పోతున్నాయి. రాజం కుర్చీలో కూర్చునే కాలు పైకెత్తి, పిండి అంటిన అరికాలు తిప్పి, కళ్లద్దాలు సరిచేసుకుని చూసుకున్నాడు.