నాలుగు లైన్లూ బిజీ

మా ఆయనకు నత్తి. పుట్టుకతో వచ్చింది. దాన్ని వెంటేసుకునే ఇన్నేళ్ళూ బాగానే బతికాడు. తాళాలు బాగుచేస్తాడు, పోయిన తాళంచెవులకు మారు చెవులు చేసిస్తాడు. తాళానికి మాటలతో పనిలేదు. కొట్టుకు వచ్చినవాళ్ళు ఆయన మాట పూర్తయ్యేదాకా ఆగేవాళ్ళు, తొందరున్నవాళ్ళు తాళం అక్కడ పడేసి పోయేవాళ్ళు. గంటాయన దాన్ని రేడియోలోకి ఎక్కించేదాకా ఆ నత్తి ఎవరికీ పట్టలేదు.

గంటాయన అంటే మా ఊరి రేడియోలో పొద్దునపూట 'ఊరి మాట' నడిపేవాడు. చెత్తబండి రాలేదని ఒకరు, పాత నాటకశాల పడగొట్టొద్దని ఇంకొకరు, ఈసారి ఎన్నికల్లో ఎవరు గెలుస్తారోనని మరొకరు ఫోన్ చేస్తారు. వాడి బల్లమీద ఒక ఇత్తడి గంట ఉంటుంది. అవతలివాళ్ళు చెప్పేది నచ్చకపోతే టంగుమని కొడతాడు, లైను కట్ చేస్తాడు. జనానికి అదో సరదా.

మా వీధి మలుపులో కాలువ మూత విరిగిపోయి, పక్కింటి ముసలాయన అందులో పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆ సంగతి చెప్పడానికి మా ఆయన ఫోన్ చేశాడు. "మా-మా-మా వీధిలో..." అన్నాడు.

"మామా అంటున్నావు, నాకు పెళ్ళీడు కూతుళ్ళు లేరయ్యా" అన్నాడు వాడు. స్టూడియోలో ఎవరో పగలబడి నవ్వారు. ఈయన మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాడు. గంట మోగింది.

అంతటితో వదిలేస్తే పోనీలే అనుకునేదాన్ని. మర్నాటినుంచి వాడు ఆ "మా-మా-మా"కు డప్పు దరువు కలిపి, చివర గంట తగిలించి, రోజూ కార్యక్రమానికి ముందు వెయ్యడం మొదలుపెట్టాడు. బస్టాపులో అదే, టీకొట్టులో అదే. బడికి పోయే పిల్లలు కొట్టు ముందు నిలబడి "మా-మా-మా" అని అరిచి పరిగెత్తేవాళ్ళు. ఈయన ముందు ఫోన్ ఎత్తడం మానేశాడు. తర్వాత కొట్టు మూసి పని ఇంటికి తెచ్చుకున్నాడు. తర్వాత పాలవాడితో కూడా మాట్లాడలేదు. ఆఖరికి నాతోనూ తల ఊపడమే. బతిమాలాను, తిట్టాను, అన్నం పళ్ళెం ముందు పెట్టుకుని ఏడ్చాను. "ఇక్కడ ఎవరున్నారని? నేనేగా. ఒక్క మాట అనవయ్యా" అన్నాను. ఆయన తల వంచుకుని ఆకురాయితో తాళంచెవి రాస్తూ కూర్చున్నాడు. నెలల తరబడి మా ఇంట్లో ఆ గరగర తప్ప ఇంకో చప్పుడు లేదు.

రేడియో ఆఫీసుకి వెళ్ళాను. గంటాయనే బయటికొచ్చాడు, మర్యాదగా కుర్చీ వేయించాడు.

"సరదాకి వేసిందమ్మా అది. మీ ఆయన్ని ఊళ్ళో స్టార్‌ని చేశాం. సంతోషించాలి గానీ."

"ఆయన మాట్లాడటం మానేశాడండీ. దయచేసి ఆపండి."

"శ్రోతలకి నచ్చుతోంది. నేనెవర్ని ఆపడానికి?" అని వాచీ చూసుకున్నాడు.

కుక్క కాటుకి చెప్పుదెబ్బ అనుకుంటూ మెట్లు దిగాను. ఆ చెప్పు ఎక్కడ దొరుకుతుందో మాత్రం అప్పటికి తెలియదు.

అది నా కుట్టుమిషను దగ్గరికే నడుచుకుంటూ వచ్చింది. లక్షమంది వింటారని వాడు చెప్పుకుంటాడు. వినేవాళ్ళ లెక్క వాడికే తెలియాలి, ఫోన్ చేసేవాళ్ళు మాత్రం పట్టుమని పదిహేనుమంది ఉండరు. రోజూ వాళ్ళే. ఏళ్ళుగా రేడియో వింటూ కుట్టుకునేదాన్ని, గొంతులన్నీ నాకు కంఠతా. ఒకరోజు ఒకమ్మాయి ఆస్పత్రి యూనిఫాం తెచ్చి "నడుం దగ్గర కాస్త బిగించక్కా" అంది. నా చెయ్యి ఆగిపోయింది.

"నువ్వు కుళాయి నీళ్ళ గురించి పోట్లాడే నర్సువి కదూ?"

ఆ పిల్ల సిగ్గుపడింది. "ఆ గంట నామీద ఎన్నిసార్లు మోగిందో అక్కా. ఒక్కసారి కూడా పూర్తిగా చెప్పనివ్వలేదు."

ఆమె ద్వారా రిటైరైన మేష్టారు దొరికారు, ఆయన ద్వారా బస్సు డ్రైవరు, ఇలా ఒక్కొక్కరే. గంట దెబ్బ తినని మనిషి వాళ్ళలో లేడు. మేష్టారిది మరీ మంట. పోయిన భార్య నడిపిన గ్రంథాలయం గురించి చెబుతుంటే, గొంతు పూడుకుపోయి ఒక్క క్షణం ఆగారట. "నిద్రపోయారా సార్" అని గంట కొట్టాడట. ఎవరి మంట వాళ్ళది. నేను విసనకర్ర పట్టానంతే.

మా ముందుగదిలో బట్టల మూటల మధ్య కూర్చుని మాట్లాడుకున్నాం. "అందరం వరసగా తిడదాం" అంది నర్సు.

"తిడితే వాడికి విందుభోజనం" అన్నారు మేష్టారు. "వాడు బతికేదే మన నోళ్ళమీద. అవే మూసుకుంటే?"

ఆ స్టేషనుకు నాలుగే లైన్లు. ఫోన్ ఎత్తే అమ్మాయికి ఏదో ఒక విషయం చెప్పి లోపలికి వెళ్ళాలి. గంటాయన "చెప్పండి" అన్నాక నోరు విప్పకూడదు, ఫోన్ పెట్టకూడదు. లైన్లు మనమే పట్టుకుని కూర్చుంటే కొత్తవాళ్ళకు దారి ఉండదు. వాడు ఒకటి కట్ చేస్తే మనలో ఇంకొకరు దూరాలి. మొదట నేను మాట్లాడి షరతు చెప్పాలి. వాడు క్షమాపణ అడిగాక నేను "సరే" అనాలి, అప్పుడు అందరూ మాట్లాడొచ్చు. అదీ ఒప్పందం.

మున్సిపల్ చైర్మన్ స్టూడియోకి వచ్చే రోజు చూసుకున్నాం. ఎన్నికలు దగ్గరపడ్డాయి, ప్రజలతో ముఖాముఖి అట. ఆరోజు రేడియో లోపలిగదిలో, మా ఆయన పనిచేసుకునే బల్లమీద, గట్టిగా పెట్టాను. ఆ మా-మా-మా మొదలవగానే ఆయన మొహం గోడకు తిప్పుకున్నాడు. ఈ ఒక్కరోజూ ఓర్చుకోవయ్యా అని మనసులో అనుకుని, తలుపు దగ్గరగా వేసి, ముందుగదిలోంచి ఫోన్ చేశాను.

"తాళాలాయన భార్యని" అన్నాను. "మీరు రోజూ వేసుకునే ఆ ముక్క ఆపి, ఆయన్ని క్షమాపణ అడిగేదాకా ఈ ఊళ్ళో ఒక్క గొంతు కూడా మీతో మాట్లాడదు."

"అబ్బో, సినిమా డైలాగు" అన్నాడు. గంట కొట్టాడు. చైర్మన్ నవ్వాడు.

తర్వాత వాడు మేష్టార్ని తీసుకున్నాడు. "చెప్పండి సార్." చప్పుడు లేదు. "హలో, వినిపిస్తోందా?" గంట. బస్సు డ్రైవరు. "చెప్పన్నా." గంట. నర్సు. గంట. ఒక పాట వేశాడు, పాట అయిపోయింది. ప్రకటనలు వేశాడు, అవీ అయిపోయాయి. చైర్మన్ తన ఘనకార్యాలు కొన్ని తనే చెప్పుకున్నాడు. తర్వాత ఆయనకు అనుమానం వచ్చినట్టుంది, ఇదంతా తనమీదే కోపమని. "నీళ్ళ సంగతి వచ్చే నెల చూస్తామని చెప్పాం కదయ్యా" అని గొణిగాడు. కుర్చీ కిర్రుమంది. తలుపు పడింది. ఊరంతా విన్నది.

అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది. వాడు ఒంటరిగా మాట్లాడాడు, జోకు వేశాడు, నవ్వేవాడు లేక తనే నవ్వాడు. గంట కొట్టడం కూడా మరిచిపోయాడు. ఒక లైను ఖాళీ అవగానే నేను మళ్ళీ ఫోన్ చేశాను. ఫోన్ ఎత్తే అమ్మాయి ఒక్క ప్రశ్న అడక్కుండా లోపలికి కలిపింది.

"అక్కా, మీరేనా? ఉన్నారా? తప్పయిపోయింది. ఆ ముక్క ఇక వెయ్యను. తాళాలాయన్ని ఊరందరి ముందు క్షమాపణ అడుగుతున్నాను. మీరు... ఏదో ఒకటి అనండక్కా."

నేను "సరే" అనాలి. అనలేదు.

ఒప్పందం గుర్తులేక కాదు. హాయిగా ఉంది, అందుకని. నెలల తరబడి నా ఇంట్లో కూర్చున్న నిశ్శబ్దాన్ని వాడి గొంతులో కుక్కుతున్నాను, ఇంకాస్త, ఇంకాస్త అనిపించింది. వాడు ఊపిరి పీల్చడం వినిపిస్తోంది. "నే-నేను... నే..." అన్నాడు. మాట తడబడుతోంది. ఏడుస్తున్నాడని అర్థమైంది. ఏడవనీ అనుకున్నాను. మిగతావాళ్ళంతా నా మాట కోసం కాచుకుని ఉన్నారు. నేను ఫోన్ చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాను.

తలుపు తెరుచుకుంది. మా ఆయన వచ్చి నా ముందు నిలబడి చెయ్యి చాపాడు. నేను తల అడ్డంగా ఊపి పక్కకు తిరిగాను. ఆయన నా వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి ఫోన్ తీసుకున్నాడు.

"ప-పర్లేదండీ" అన్నాడు. లోపలి రేడియోలో ఆ మాట కాస్త ఆలస్యంగా మళ్ళీ వినిపించింది. "తొం-తొందరేం లేదు. మీ-మీరు మెల్లగా చెప్పండి. నే-నేను వింటాను."

అవతల వాడు వెక్కివెక్కి ఏడ్చాడు. ఈయన ఫోన్ పట్టుకుని, వాడు తేరుకునేదాకా అలాగే నిలబడ్డాడు.

ఆ ముక్క మళ్ళీ వెయ్యలేదు. మా ఆయన కొట్టు తెరిచాడు, పాలవాడితో బేరమాడుతున్నాడు, నాతో కూడా మాట్లాడుతున్నాడు. గెలిచావక్కా అంది నర్సు. నువ్వు లేకపోతే ఇది జరిగేది కాదమ్మా అన్నారు మేష్టారు. అవునని తల ఊపాను. కానీ పళ్ళెం ముందు పెట్టుకుని నేను ఏడిస్తే రాని మాట, వాడు ఏడిస్తే వచ్చింది. గంటాయన్ని ఎప్పుడో ఒకప్పుడు క్షమిస్తానేమో. మా ఆయన సంగతే ఇంకా తేలలేదు.