ఐదుంపావుకి ఖాళీ అని రాసిందెవరు?

సంతకాలు పెట్టే పెద్దమనుషులారా, ఈ కథ మీ గురించే. యంత్రం చెడిపోతే మీ చూపు ముందుగా చీపురు పట్టుకున్న మనిషి మీదకే ఎందుకు పోతుంది? కాగితాలు తిరగేసే ఓపిక మీకుండదు. నేరం అంటగట్టే ఓపిక మాత్రం బోలెడు.

కృత్రిమ కాళ్లు తయారుచేసే ఆ కార్ఖానాలో అత్తకి జరిగింది అదే. అత్త అంటే అక్కడ ఊడ్చే మనిషి. ఆమెకన్నా వయసులో పెద్దవాళ్లు కూడా అత్తా అనే పిలిచేవాళ్లు. ఐదుంపావుకి పని ఆగుతుంది. అత్త నేల మీద ప్లాస్టర్ పొడి ఊడ్చి, కంప్యూటరుకీ అచ్చులు చెక్కే యంత్రానికీ గుడ్డ ముసుగులు వేస్తుంది. సరిగ్గా ఐదున్నరకి మెయిన్ స్విచ్చి కిందికి లాగేస్తుంది. ఒకసారి వైర్లు కాలి గదంతా పొగ కమ్మిన దగ్గర్నుంచి అది అక్కడి కట్టుబాటు. మేనేజరు సంతకంతో గోడ మీద రాసి కూడా ఉంది.

ఆ రోజు పొద్దున కాళ్ల మేస్త్రి కంప్యూటరు ఆన్ చేశాడు. వెలిగింది, ఆరింది. దానంతట అదే మళ్లీ వెలిగింది, మళ్లీ ఆరింది. ఎవరి కాలు ఎంత పొడవో, ఎక్కడ ఎంత లావో ఆ కొలతలన్నీ దాన్లోనే ఉన్నాయి. గంట తిరక్కుండా మేనేజరు అత్తని సంజాయిషీ అడుగుతూ ఒక కాగితం రాసి, పనివాళ్లందర్నీ నిలబెట్టి చదివాడు. నిన్న కంప్యూటరుని ఆఖరుగా ముట్టుకున్నది ఊడ్చే మనిషేనట. సాయంత్రంలోగా సరైన జవాబివ్వకపోతే రేపట్నుంచి పనిలోకి రానక్కర్లేదట.

అత్త వేళ్ల మీద లెక్కేసుకుంది. పద్దెనిమిదేళ్ల పని, ఒక్క కాగితంతో సరి.

ముందు రోజు సాయంత్రం ముసుగు వేయబోతే తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతూ కనిపించాయి. కింద ఏవో అక్షరాలు, మన భాషవి కావు. అనుమానమొచ్చి మేనేజరు గదికి పోయి అడిగింది. ఆయన ఫోన్లోంచి తల ఎత్తకుండా టైమైంది కట్టేసెయ్యమన్నాడు. ఇప్పుడా సంగతి ఎత్తితే తనకలాంటిదేమీ గుర్తులేదన్నాడు. పక్క బల్ల దగ్గరే ఉండి విన్న కాళ్ల మేస్త్రి కుక్కిన పేనులా కూర్చున్నాడు. వీళ్లిద్దరూ కూడబలుక్కున్నారా అనే అనుమానం అత్తని తొలిచేసింది.

పదకొండింటికి రిపేరు అమ్మాయి వచ్చింది. మేనేజరు తనే కుర్చీ మోసుకొచ్చి వేశాడు, వరండాలోకి తీసుకెళ్లి ఏదో గుసగుసలాడాడు. ఇక నమ్మేదెవర్ని? అత్త ఊడ్చిన చోటే ఊడుస్తూ కళ్లలో వత్తులు వేసుకుని చూసింది. ఆ అమ్మాయి కంప్యూటరు ఆన్ చెయ్యడం, అది సగం లేవగానే మీట నొక్కి పీక నొక్కినట్టు ఆపెయ్యడం. అలా మూడుసార్లు. బాగుచేస్తోందా, మిగిలిన ప్రాణం తీస్తోందా? నాలుగోసారి నీలం తెర ఒకటి వచ్చి నిలబడింది. ఆ అమ్మాయి జేబులోంచి బొటనవేలంత ముక్క తీసి పక్కన గుచ్చింది.

అత్త చీపురు పక్కన పడేసింది.

"ఏం పెడుతున్నావమ్మాయ్ అందులో? నా మీద సాక్ష్యమా?"

"పెట్టడం లేదత్తా, తీస్తున్నా. ముందు కొలతలు భద్రంగా బయటికి రావాలి. వైద్యం తర్వాత."

తీస్తూనే జరిగింది చెప్పింది. అలా మూడుసార్లు మధ్యలో ఆపితేనే ఈ నీలం రిపేరు తెర వస్తుందట. నిన్న దీనికి కొత్త అప్‌డేట్ వచ్చిందట. పాత సామాను సగం బయటపడేసి కొత్త సామాను సగం లోపలికి తెచ్చేలోపు కరెంటు పోయిందట. ఇప్పుడు ఏది ఎక్కడుందో తెలియక, లేవబోయినప్పుడల్లా తన్నుకుని పడిపోతోందట. ఆ సగం అప్‌డేట్‌ని పీకెయ్యబోతే మొదటిసారి మొండికేసింది. ఇంకో దారిన పీకింది. చాలాసేపు నల్లటి తెర. ఆ తర్వాత కాళ్ల బొమ్మలన్నీ వరసగా కనిపించాయి.

మేనేజరు చేతులు దులుపుకున్నాడు. "సరే, అయిపోయిందిగా. పోయి పని చూసుకో అత్తా."

రిపేరు అమ్మాయి మాత్రం కుర్చీలోంచి లేవలేదు. కంప్యూటరు తనకు తాను రాసుకునే చిట్టా తెరిచి చదివింది. అప్‌డేట్ మొదలైంది ఐదుంపావుకి. కరెంటు పోయింది ఐదున్నరకి.

"చూశావా, ఆపింది ఈవిడే," అన్నాడు మేనేజరు, అత్త వైపు వేలు చూపిస్తూ.

వరండా గుసగుసల ఫలితం ఇదేననుకుంది అత్త.

"ఐదుంపావుకే మొదలవ్వాలని దీనికి ఎవరు చెప్పారు సార్? ఆ టైము దానంతట అది పెట్టుకోలేదు, ఎవరో పెట్టారు," అంది ఆ అమ్మాయి.

అప్పుడు లేచాడు కాళ్ల మేస్త్రి. అత్త మొహం చూడలేక చూడలేక, అలమరలోంచి ఒక ఫైలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. కంప్యూటరు రోజూ ఏ వేళ ఖాళీగా ఉంటుందని పై ఆఫీసు పోయిన నెల అడిగింది. ఐదుంపావు నుంచి ఎవరూ వాడరని మేనేజరు జవాబు రాశాడు. పై ఆఫీసు అది చూసే అప్‌డేట్‌కి ఆ టైము పెట్టింది. ఖాళీయే, కాదన్నదెవరు? పావుగంట దాటితే కరెంటే ఉండదని గోడ మీద రాయించిన చెయ్యి, ఈ కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు ఆ గోడ వైపు చూడలేదు.

"నిన్న ఈవిడ అడిగింది కూడా. కట్టేసెయ్యమని మీరన్నారు. నేను విన్నాను," అన్నాడు మేస్త్రి, నేల చూస్తూ.

మేనేజరు సంజాయిషీ కాగితం చించబోయాడు. అత్త దాని మీద అరచెయ్యి ఆనించింది.

"చించొద్దు సారూ. అందరి ముందు చదివారు, అందర్నీ పిలిచి వెనక్కి తీసుకోండి. తప్పు మీదేనని రాసి పై ఆఫీసుకి పంపండి. తెర మీద వచ్చే ఆ హెచ్చరిక మన భాషలో రాయించండి, చదువుకున్నవాడికే కాదు, స్విచ్చి లాగేవాళ్లకీ తెలియాలి. రేపూ ఎల్లుండీ కాదు, ఇప్పుడే. పిలవండి."