నిమ్మరసం తెచ్చిన మనిషి

"కాలరు దగ్గర ఇంకోసారి లాగు, వెర్నా. ముడతలు కెమెరాకి ఇట్టే దొరికిపోతాయి."

అప్పటికే రెండుసార్లు ఇస్త్రీ చేసింది. మూడోసారీ చేసింది. పెళ్ళానికీ విసుగుంటుందని ఎల్మర్‌కి ఎప్పుడూ తోచదు. మూకీ సినిమాల్లో అతని పేరు జూలియన్ వేర్. హాలీవుడ్‌కి వచ్చిన కొత్తలో స్టూడియోవాళ్ళు పేరు మార్చి, పనిలో పనిగా పెళ్ళి కూడా దాచెయ్యమన్నారు. పెళ్ళయినవాడి కోసం ఆడపిల్లలు టిక్కెట్టు కొనరట. ఆ ఆడపిల్లలు రాసే ఉత్తరాలకి జవాబులు రాసేది మాత్రం వెర్నానే. "నా మనసుకు నచ్చిన అమ్మాయి ఇంకా ఎదురుపడలేదు" అని కట్టుకున్న మొగుడి తరఫున ఎన్నిసార్లు రాసిందో! రాసి, లేచి వెళ్ళి అతని మేజోళ్ళు ఉతికేది.

నెబ్రాస్కాలో ఉన్న అత్తగారు, "మావాడి బొమ్మ పత్రికల్లో పడుతోంది, నీకింకేం కావాలే?" అంది. ఒకసారి తెగించి పుట్టింటికి పోతే తల్లి గుమ్మంలోనే ఆపి, "కొట్టాడా? తాగొచ్చాడా? లేదు కదా. మరి నలుగురికీ ఏమని చెప్పనే?" అంది. పాస్టరుగారు దగ్గరుండి తిరుగు రైలెక్కించారు. చెప్పుకోవడానికి వెర్నా దగ్గర నిజంగానే ఏమీ లేదు. ఉండీ లేనట్టు బతకడం ఒక కష్టమని ఎవరూ ఒప్పుకోరు.

అయితే ఈమధ్య ఎల్మరే మాటిచ్చాడు. తారల ఇళ్ళకి వెళ్ళి, వాళ్ళేం తింటారో, ఎవరితో తిరుగుతున్నారో చిన్న రీళ్ళు తీసి పెద్ద సినిమాకి ముందు వేస్తున్నారిప్పుడు. "మనింటికి వచ్చినప్పుడు మన పెళ్ళి సంగతి చెప్పేస్తాను, ఒట్టు. దేశమంతా నిన్ను చూస్తుంది" అన్నాడు. అందుకే ఇవాళ వెర్నా నీలం గౌను వేసుకుంది. పొద్దున్నించీ ఆమె కాలు నేలమీద నిలవడం లేదు.

రీలు తీసే లోగన్ వస్తూనే వరండా అంతా కలయజూసి, ఆమె దగ్గర ఆగాడు. "ఈవిడెవరు?"

ఎల్మర్ నోరు తెరిచాడు. అతని చూపు ఆమె మీంచి కెమెరా మీదికి పోయింది. "ఆవిడా? ఇంటిపనికి పెట్టుకున్నాను."

"బ్రహ్మాండం!" లోగన్ చేతులు చరిచాడు. "ఒంటరి కుర్రాడు, వండిపెట్టడానికో పనిమనిషి! అమ్మాయిలు జాలిపడి చస్తారు. ఏమ్మా, ఏప్రన్ కట్టుకుని నిమ్మరసం పట్రా. మాటలు ఎలాగూ ఫిల్ములో పడవు. నోటికొచ్చింది మాట్లాడు, పెదాలు కదిలితే చాలు. తర్వాత ఆ మాటలేవో మేమే తెరమీద రాసి వేసుకుంటాం."

వంటింట్లో వెర్నాకి ఏడుపొచ్చింది. నిమ్మకాయలు పిండుతూనే ఏడ్చింది. జగ్గు నిండేసరికి ఏడుపు పోయి ఒళ్ళు మండడం మొదలైంది. 'మా ఆవిడ' అనడానికి ఎంతసేపు పడుతుంది? ఇంతకీ అతనన్నదాంట్లో అబద్ధమెంత అని ఆలోచిస్తే, జీతం ఒక్కటి తప్ప ఏమీ కనబడలేదు. ఏప్రన్ రోజూ ఉండే మేకుకే ఉంది.

ఆమె ట్రేతో బయటికొచ్చేసరికి కెమెరా పిడి తిరుగుతోంది. ఎల్మర్ కాలు మీద కాలు వేసుకుని నవ్వుతున్నాడు. గ్లాసు అందిస్తూ ఆమె కూడా నవ్వింది.

"ఇవాళ్టితో పని మానేస్తున్నానండీ, అయ్యగారూ."

అతని చెయ్యి గ్లాసు మీదే ఆగింది. "పిచ్చివేషాలు వెయ్యకు, వెర్నా," అన్నాడు నవ్వు చెదరనీకుండా, పళ్ళ మధ్యనుంచి. "వీళ్ళని వెళ్ళనీ. మాట్లాడుకుందాం."

"ఇంకొకరిని చూసుకోండి."

"భలే, భలే! అలాగే నవ్వుతూ ఉండండి!" కెమెరా రొదలో మాటలు వినబడని లోగన్ అరిచాడు. "ఏమంటోందయ్యా ఆవిడ?"

ఇప్పుడైనా చెప్తాడేమోనని వెర్నా ఒక్క క్షణం ఆగింది.

"చక్కెర సరిపోయిందా అంటోంది" అన్నాడు ఎల్మర్.

ఆమె ట్రే అతని ఒళ్ళో పెట్టి, ఏప్రన్ విప్పి దానిమీద పడేసి, కెమెరా ముందునుంచే నడిచి మెట్లు దిగింది. "ఎక్కడికమ్మా, ఇంకా అవలేదు!" అని లోగన్ వెనకనుంచి కేకలు పెడుతున్నాడు. ఎల్మర్ గొంతు మాత్రం వినబడలేదు. పెళ్ళామైతే వెనక్కి పిలిచేవాడే.